'ఆడంగి' అన్న తిట్టు ఎవరి చేతిలో ఉంది? చైనా ఐడల్ లోకంలో 227 గొడవపై కేస్ స్టడీ

2020 ఫిబ్రవరి 29న చైనాలో ఏఓ3 తెరుచుకోలేదు. ఆ సైటు పూర్తి పేరు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్. అభిమానులు తమకు నచ్చిన పాత్రల మీద, తారల మీద కథలు రాసి దాచుకునే చోటు అది. లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నడుపుతుంది. అంతకు ముందు ఏడాదే హ్యూగో పురస్కారం కూడా అందుకుంది. మా వైపు ఏ లోపమూ లేదని సైటు వాళ్లు చెప్పారు. గోడ చైనాలోనే లేచింది. దానికి ముందు రోజుల్లో నటుడు, గాయకుడు షియావ్ జాన్ అభిమానులు ఆ సైటు మీద ప్రభుత్వ ఫిర్యాదు విభాగాలకు మూకుమ్మడిగా రిపోర్టులు కొట్టారు. గొడవ ముదిరింది ఫిబ్రవరి 27న కాబట్టి అక్కడి జనం దీన్ని '227' అంటారు.

దీన్ని చాలామంది సెన్సార్‌షిప్ కథగా చెప్తారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఫ్యాన్ కమ్యూనిటీల మోడరేషన్ చూసేవాళ్లకు, తారల పేరు కాపాడే పనిలో ఉన్నవాళ్లకు ఇందులో ఇంకో సంగతి ఎక్కువ పనికొస్తుంది. గొడవకు నిప్పు పెట్టిన కథలో షియావ్ జాన్ పేరున్న హీరో తనను స్త్రీగా భావించుకునే మనిషి. అది అవమానమని తేల్చి ఫిర్యాదుకు దిగింది అతని శత్రువులు కాదు. అతని మీద ఈగ వాలనివ్వని అభిమానులు, వాళ్లలో అత్యధికులు ఆడపిల్లలే. మగ ఐడల్‌ను, అంటే అభిమానుల బలంతో నిలిచే కుర్ర తారను, 'ఆడంగి' అని వెక్కిరించే యాంటీలు, ఆ మాట తన హీరోకు అంటకూడదని పోరాడే అభిమానులు బయటికి బద్ధశత్రువుల్లా కనిపిస్తారు. ఇద్దరి తూకపురాయి మాత్రం ఒకటే: ఆడతనం అంటితే మగవాడి విలువ పడిపోతుంది. ఈ కేసును విప్పడానికి ఆ ఒక్క దారం చాలు.

ముందు రెండేళ్లు

227ను ఆ కథ వెలువడిన ఫిబ్రవరి 24 నుంచి మొదలుపెడితే అభిమానుల కోపం పిచ్చిగా కనిపిస్తుంది. రెండేళ్లు వెనక్కి వెళ్లాలి.

2018 సెప్టెంబరు 1న చైనా ప్రభుత్వ టీవీలో బడి తెరిచే రోజు కార్యక్రమం వచ్చింది. పిల్లలతో కలిసి చూడమని బడులు తల్లిదండ్రులకు చెప్పాయి. అందులో కాసేపు కనిపించిన కుర్ర నటుల మేకప్, హావభావాలు చూసి కొందరు తల్లిదండ్రులు మండిపడ్డారు. ఆ వారంలోనే ప్రభుత్వ వార్తాసంస్థ షిన్హువా 'నియాంగ్‌పావ్' గాలి ఇక ఆగాలంటూ వ్యాఖ్యానం రాసింది. నియాంగ్‌పావ్‌కు తెలుగులో మాట వెతకనక్కర్లేదు, 'ఆడంగి' అచ్చంగా సరిపోతుంది. 'గాజులు తొడుక్కుని కూర్చో' అన్న మన తిట్టులో ఉన్న విషమే ఇందులోనూ ఉంది. ఆ వెంటనే కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ కొంచెం తగ్గి, మగతనాన్ని పైపై రూపంతో కొలవొద్దన్న ధోరణిలో రాసింది. కానీ తిట్టుకు అప్పటికే రాజముద్ర పడిపోయింది. 2019 జనవరికల్లా షోలలో మగవాళ్ల చెవిపోగులు కనబడకుండా చెవి తమ్మెల్ని మసకబార్చడం మొదలైంది.

అదే నెలలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ తన చైనా నూతన సంవత్సర ప్రచారకర్తగా త్సాయ్ షూఖున్‌ను ప్రకటించింది. 2018లో వీడియో సైటు ఐచీయీ వాళ్ల ఐడల్ పోటీలో 4.7 కోట్లకు పైగా ఓట్లతో మొదటి స్థానంలో నిలిచిన కుర్రాడు. పోటీ కోసం చేసిన పరిచయ వీడియోలో తన హాబీలు పాట, డ్యాన్స్, ర్యాప్, బాస్కెట్‌బాల్ అని చెప్పి బంతితో ఒక డ్యాన్స్ చేశాడు. బాస్కెట్‌బాల్ అభిమానులైన మగవాళ్లకు ఇది ఒళ్లు మండించింది. మా ఆటకు ఈ మేకప్ కుర్రాడా రాయబారి? బిలిబిలి అనే వీడియో సైటులో ఆ వీడియోను ముక్కలు చేసి, తిప్పి, మళ్లీ కుట్టి వేలకొద్దీ పేరడీలు వదిలారు. వెనక మోగే పాటలోని 'జ్‌యిన్' అన్న పదాన్ని గబగబా అంటే 'జీ' అని వినిపిస్తుంది. జీ అంటే కోడి. వీధి భాషలో ఒళ్లమ్ముకునే స్త్రీకి కూడా అదే మాట. నవ్వు వెనక కత్తి అక్కడుంది. 2019 ఏప్రిల్‌లో త్సాయ్ తరఫు లాయర్లు బిలిబిలికి నోటీసు పంపారు. ఫలితం తలకిందులైంది. నోటీసు సంగతి తెలిశాక, అప్పటిదాకా ఆ వీడియో చూడనివాళ్లు కూడా వెతుక్కుని చూశారు. పేరడీని లాయరు కాగితంతో ఆపబోతే అది రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో పాత పాఠమే. అయినా ఎవరూ నేర్చుకోరు.

దీన్నుంచి అభిమానులు తీసుకున్న పాఠం వేరు. మన హీరో పేరు పక్కన ఆడతనం వాసన రానివ్వకూడదు. వచ్చిందా, దాన్ని వైరి వర్గం స్క్రీన్‌షాట్ తీసి ఏళ్ల తరబడి దాస్తుంది.

ఒకే హీరో, నాలుగు వర్గాలు

1991లో పుట్టిన చొంగ్‌చింగ్ కుర్రాడు షియావ్ జాన్. 2016లో ఒక బాయ్ బ్యాండుతో వచ్చాడు. 2019 వేసవిలో టెన్సెంట్ వీడియోలో వచ్చిన 50 ఎపిసోడ్ల 'ది అన్‌టేమ్డ్' అతన్ని ఒక్కసారిగా పైకెత్తింది. అది ఇద్దరు మగవాళ్ల ప్రేమ నవలకు టీవీ రూపం. సెన్సారుకు తగ్గట్టు ప్రేమను స్నేహంగా మార్చారు. ఇలాంటి మార్పును అక్కడి ప్రేక్షకులు 'సోషలిస్టు సోదరప్రేమ' అని ఎకసెక్కమాడతారు. రెండో హీరో వాంగ్ యీబో.

సీరియల్ అయ్యేసరికి అభిమానం చీలిపోయింది. ఒక్క హీరోనే కొలిచేవాళ్లు 'వేయ్‌ఫెన్'. ఇద్దర్నీ జంటగా ఊహించుకునేవాళ్లు 'సీపీ' అభిమానులు. మగ ఐడల్‌ను సరదాగా 'పెళ్లామా', 'చెల్లీ', 'కూతురా' అని పిలిచేవాళ్లు 'నీసు' అభిమానులు. ఇక 'హేయ్‌ఫెన్', అంటే నల్ల అభిమానులు, మన భాషలో యాంటీలు. వేయ్‌ఫెన్‌కు సీపీ వాళ్లంటే పడదు. తమ హీరో కష్టాన్ని ఇంకొకరి ఖాతాలో జమచేస్తున్నారన్న కోపం. నీసు వాళ్లంటే ఇద్దరికీ చిరాకు. చాలా ఫ్యాన్ గ్రూపుల నిబంధనల్లో 'నీసు నిషేధం' అని ఒక వరుస ఉంటుంది.

పిలుపుల గురించి ఒక మాట. అక్కడి అమ్మాయిలు మగ ఐడల్‌ను 'గగ' అంటారు. నిఘంటువులో దాని అర్థం అన్నయ్యే. వాడుకలో మాత్రం మన 'బావ'కు దగ్గర. మన ఫ్యాన్స్ 'అన్నా' అని అరిచేదానితో కలిపి చదివితే అర్థం మొత్తం తప్పుతుంది. ఇంకో తేడా: మన హీరోల ఫ్యాన్ వార్లలో ముందుండేది ఎక్కువగా మగపిల్లలు. చైనా 'ఫ్యాన్‌చ్యువాన్'లో, అంటే అభిమాన వలయంలో, ఆ చాకిరీ అంతా ఆడపిల్లలదే. ఆ చాకిరీకి 'డేటా కూలీలు' అని వాళ్లే పేరు పెట్టుకున్నారు.

జంటల పేర్ల దగ్గర ఇంకాస్త ఆగాలి. ఆరోపణ ఎక్కడి నుంచి పుట్టిందో అక్కడ కనిపిస్తుంది. వాంగ్-షియావ్ జంటకు బాగా నలిగిన పేరు 'బో జ్యున్ యీ షియావ్'. 'దొరను ఒక్కసారి నవ్వించడానికి' అనే అర్థమున్న నానుడిని ఇద్దరి పేర్లతో మెలిపెట్టారు. అదే ఇద్దరికి ఇంకో పేరు 'జాన్ షాన్ వేయ్ వాంగ్'. 'కొండనెక్కి రాజై కూర్చోవడం' అన్న మాట మీద చమత్కారం. బయటివాళ్లకు రెండూ ఒకటే. లోపల మాత్రం పేరులో ముందు ఎవరొస్తే పడకగదిలో అతనిదే పైచేయి. మొదటి పేరులో షియావ్ జాన్ వెనకున్నాడు. అంటే 'ఆడ' స్థానంలో ఉన్నాడు. రెండు వర్గాలూ ఒకరి కథల్ని ఒకరు ముట్టుకోరు. అక్షరాల వరుసలోనే ఎవరు మగ, ఎవరు ఆడ అని తేలిపోయే చోట, ఒక కథ ఇంకో నాలుగడుగులు ముందుకేసి ఆ హీరోకు నిజంగానే స్త్రీ మనసు పెడితే ఏమవుతుందో ఊహించవచ్చు.

ఆ వారం

2020 ఫిబ్రవరి 24 ప్రాంతంలో ఒక రచయిత్రి ఏఓ3లోనూ, నెట్‌ఈజ్ కంపెనీ బ్లాగు సైటు లోఫ్టర్‌లోనూ ఒక ధారావాహిక కథ పెట్టి, లింకులు ట్విట్టర్ లాంటి చైనా సైటు వీబోలో ఇచ్చింది. అందులో షియావ్ జాన్ పేరున్న పాత్ర లింగ గుర్తింపు విషయంలో సతమతమవుతూ సెక్స్ వర్క్ చేసుకుని బతికే మనిషి. వాంగ్ యీబో పేరున్న పాత్ర హైస్కూలు కుర్రాడు. వేయ్‌ఫెన్ మొదటి ఆరోపణ: మా హీరోను ఆడదాన్ని చేశారు, పరువు తీశారు. రెండోది: మైనర్ పాత్రతో అశ్లీలం.

రెండో ఆరోపణలో పస ఉంది. బతికున్న మనుషుల పేర్లతో శృంగారం రాయొచ్చా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే, దానికి సీపీ వర్గంలోనూ జవాబు లేదు. కానీ జనాన్ని కదిలించింది మొదటిది. రెండోది ఫిర్యాదు ఫారంలో పట్టే భాష. కేసు చదివేటప్పుడు ఈ రెంటినీ విడదీయాలి: మనసులో మండిన కారణం ఒకటి, అధికారి ముందు రాసిన కారణం ఇంకొకటి. ట్రాన్స్ స్త్రీ పాత్రగా చూపడమే పరువునష్టం అని అన్నేసి మంది ఒకే గొంతుతో అన్నప్పుడు, అది చదివే ట్రాన్స్ మనుషులకు ఏం చెప్పినట్టు? అప్పటి హడావిడిలో ఆ ప్రశ్న గట్టిగా వినబడలేదు.

26, 27 తేదీల్లో పలుకుబడి ఉన్న అభిమాని ఖాతాలు ఎక్కడ, ఎలా ఫిర్యాదు చేయాలో పంచాయి. 29న సైటు మూతపడింది. మార్చి 1న షియావ్ జాన్ స్టూడియో క్షమాపణ చెప్పింది. మొత్తం వారం రోజుల్లోనే.

రిపోర్టు అనే పనిముట్టు

'జూబావ్', అంటే రిపోర్టు కొట్టడం, ఫ్యాన్ గ్రూపులకు కొత్త పని కాదు. ప్రతి పెద్ద ఐడల్‌కూ 'ఫాన్‌హేయ్' జట్టు ఉంటుంది. యాంటీల పోస్టుల లింకులు పోగుచేసి, రోజూ పట్టిక వేసి, సభ్యులతో వరుసగా రిపోర్టు నొక్కించడం దాని డ్యూటీ. దానికి తోడు 'కోంగ్‌పింగ్', కామెంట్ల అదుపు. అది ఎలా నడుస్తుందంటే: వార్తా ఖాతా హీరో గురించి పోస్టు పెడుతుంది. లింకు గ్రూపులో పడుతుంది. నిమిషాల్లో పది పదిహేను మంది ముందే రాసిపెట్టిన వాక్యాలు అతికిస్తారు. నటన మీద ఒక ముక్క, రాబోయే సినిమా మీద ఒక ముక్క, కింద చక్కటి ఫొటో. మిగతావాళ్లు సొంతంగా ఏమీ రాయకుండా వాటికే లైకులు కొడతారు. వీబో కామెంట్లను వేడిని బట్టి పేరుస్తుంది కాబట్టి మొదటి తెర నిండా పొగడ్తలే మిగులుతాయి. విమర్శ కిందకి దిగిపోతుంది, ఎవరూ అంత దూరం జారరు. వెతుకులాట పెట్టెలో హీరో పేరు కొడితే చెడ్డ మాటలు సూచనలుగా రాకుండా, మంచి మాటల జంటలను పదేపదే పోస్టు చేయడం ఇంకో డ్యూటీ. దాన్ని 'పదాల శుద్ధి' అంటారు.

ఈ పనిముట్లు వీబో లోపల ఉన్నంతవరకు నష్టం వీబో లోపలే. 227లో జరిగింది వాటిని ప్రభుత్వ గడపకు ఎత్తుకెళ్లడం. నెట్‌లో చట్టవిరుద్ధ సమాచారానికి 12377, అశ్లీల ప్రచురణలకు 12390, సాంస్కృతిక మార్కెట్ ఫిర్యాదులకు 12318. ఈ మూడు నంబర్లూ ఎప్పటి నుంచో ఉన్నవే. ఫిర్యాదు చేసేవాళ్లకు పైసా ఖర్చు లేదు. తప్పుడు ఫిర్యాదైనా శిక్ష దాదాపు లేదు. అందుకునే అధికారికి మాత్రం ఏమీ చేయకుండా కూర్చుంటే ముప్పు. ఇలాంటి తక్కెడ ఎప్పుడూ మూసేయడం వైపే మొగ్గుతుంది.

సమయం కూడా కలిసొచ్చింది, లేదా కలిసి రాలేదు. నెట్‌లో సమాచార వాతావరణంపై సైబర్‌స్పేస్ శాఖ తెచ్చిన కొత్త నిబంధనలు 2020 మార్చి 1 నుంచి అమల్లోకి రావాల్సి ఉంది. కొవిడ్ వల్ల కోట్లమంది ఇళ్లలో ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. ఇక ఫిర్యాదు అంటే ఏమిటో రాసేవాళ్లకు ముందే తెలుసు: 2018లో అన్‌హుయీ రాష్ట్రం వూహూలో మగవాళ్ల ప్రేమకథ పుస్తకం అచ్చువేసి అమ్మిన రచయిత్రికి అశ్లీల సాహిత్యం కేసులో పదిన్నర ఏళ్ల జైలు పడింది. అమ్మింది సుమారు 7,000 ప్రతులు. వీబోలో వేలు జారినంత తేలిగ్గా కొట్టే రిపోర్టు, అవతల ఒక మనిషిని జైలుకు పంపగలదన్నమాట. ఒక కథ మీద కోపం మొత్తం సైటు మీదికి మళ్లడానికి ఒక కారణం ఇది కావచ్చు: ఫిర్యాదు ఫారం సైటు పేరు అడుగుతుంది. అంతే.

ఎదురుదెబ్బ ఎవరిది

ఇక్కడ చాలా విశ్లేషణలు జారిపడతాయి. యాంటీలంటే బాస్కెట్‌బాల్ ఫోరమ్ మగవాళ్లని ముందే అనుకుని లెక్క మొదలుపెడతారు. త్సాయ్ షూఖున్ కేసులో అది చాలావరకు నిజం. 2018 జూలైలో హూపు అనే క్రీడల ఫోరమ్ మగవాళ్లు గాయకుడు, నటుడు క్రిస్ వూ అభిమానులతో కొట్టుకున్నప్పుడూ నిజమే. 227లో మాత్రం ఎదురు నిలిచిన జనంలో ముందు వరుస ఏఓ3లో రాసే, చదివే ఆడవాళ్లదే. సీపీ అభిమానులు, ఇతర నవలల పాఠకులు, అనిమే వర్గాలు, షియావ్ జాన్ పేరు మొన్నటిదాకా విననివాళ్లు కూడా వాళ్లతో కలిశారు. '227 మహా ఐక్యత' అని పేరు పెట్టుకున్నారు.

వాళ్ల ఎత్తు సరళం. ఐడల్ లోకంలో ఒక సూత్రముంది: అభిమాని చేసిన పనికి బిల్లు ఐడల్ కట్టాలి. కాబట్టి అభిమానులతో వాదించొద్దు, ఐడల్ విలువ తగ్గించు. సినిమాలకు, పుస్తకాలకు జనం మార్కులు వేసే దౌబాన్ సైటులో అతని పనులన్నిటికీ ఒక్క నక్షత్రం. అతను ప్రచారం చేసే వస్తువులు కొనొద్దన్న పిలుపు. ఆ బ్రాండ్ల పోస్టుల కిందా, ఆన్‌లైన్ దుకాణాల కస్టమర్ సర్వీసు దగ్గరా ఒకటే ప్రశ్న: ప్రచారకర్తను మారుస్తారా లేదా? మగ యాంటీల పద్ధతి వెక్కిరింత, పేరడీ. ఈ ఆడ యాంటీలది కొనుగోలుదారు పద్ధతి. అభిమానులుగా ఏళ్లు పనిచేసిన అనుభవమది: ఏ మీట నొక్కితే ఎక్కడ నొప్పి పుడుతుందో వాళ్లకు తెలుసు. దెబ్బ లోతుగా దిగింది కూడా అందుకే.

ఇంతలో అవకాశం కోసం కాచుకున్న ఇతర ఐడల్‌ల వర్గాలు దూరాయి. అతని అభిమానులకు 'రొయ్యలు' అన్న తిట్టుపేరు స్థిరపడింది. వాళ్లు తమను తాము పిలుచుకునే 'షియావ్ ఫేయ్ షియా'లోని చివరి శబ్దం రొయ్య అన్న పదంతో కలుస్తుంది మరి.

ఎవరు ఎవరో తేల్చడం ఈ దశలో అసలు పని. వేషం వేసుకున్న యాంటీలు రెండు వైపులా ఉంటారు. అభిమాని ముసుగులో బూతులు తిట్టి, ఆ స్క్రీన్‌షాట్‌ను తానే పంచేవాణ్ని 'చర్మం కప్పుకున్న యాంటీ' అంటారు. పట్టుకోవడానికి ప్రొఫైల్ ఫొటో, పేరు చూస్తే లాభం లేదు, అవి క్షణంలో మారతాయి. ముందు వీబోలో ఆ తార పేరుతో ఉండే అభిమానుల పేజీలో, అంటే సూపర్ టాపిక్‌లో, ఖాతా స్థాయి చూడాలి. రోజూ హాజరు వేస్తేనే పెరిగే అంకె అది, ఒక్క రాత్రిలో రాదు. తర్వాత గొడవకు ముందు మూడు నెలల పోస్టులు. ఆ తర్వాత ఆ ఖాతా మొదట ఎవరి పోస్టును పంచిందో వెనక్కి వెళ్లడం. ఇవి మూడూ చూసినా కొంత భాగం తేలదు. తేలనిదాన్ని 'తెలియదు' అనే గడిలోనే ఉంచాలి. దాన్ని యాంటీల ఖాతాలో వేసేసి 'ఇదంతా కుట్ర' అని క్లయింటుకు చెప్పడం ఈ వృత్తిలో అతి పెద్ద పాపం, అతి తరచుగా చేసేదీ అదే.

పదాల వేట దగ్గర ఇంకో గుంట ఉంది. అభిమానులు హీరో పేరు పూర్తిగా రాయరు, వెతుకులాటలో చెడ్డ పోస్టు తేలకూడదని పొట్టి అక్షరాలు వాడతారు. యాంటీలు రొయ్య బొమ్మ పెడతారు. అసలు పేరుతో మాత్రమే వెతికే మానిటరింగ్ నివేదికలో గొడవ సగం కూడా కనిపించదు. పైగా కనిపించేది అంతా కోంగ్‌పింగ్ పొగడ్తలే కాబట్టి 'సానుకూలత 80 శాతం' లాంటి పచ్చటి గ్రాఫు వస్తుంది. దాన్ని నమ్మి మౌనంగా కూర్చుంటే మూడో రోజుకు ఇల్లు కాలిపోయి ఉంటుంది.

క్షమాపణ ఎందుకు అతకలేదు

మార్చి 1 ప్రకటనలో స్టూడియో సమాజపు ఉమ్మడి వనరులను వాడుకున్నందుకు, జనానికి ఇబ్బంది కలిగించినందుకు విచారం తెలిపింది. ఏఓ3 పేరు లేదు. రిపోర్టుల ఊసు లేదు. ఉమ్మడి వనరులంటే ఇక్కడ ట్రెండింగ్ జాబితాలో చోటు. కొవిడ్ వార్తలు ఉండాల్సిన చోట మా పేరు వచ్చింది, క్షమించండి అన్నట్టు. సైటు పోగొట్టుకున్న పాఠకులకు అది వెటకారంలా వినిపించింది.

స్టూడియో చేతులు ఎక్కడ కట్టేసి ఉన్నాయో చూడకుండా తప్పుపట్టడం తేలికే. ఏఓ3ని సమర్థిస్తే ప్రభుత్వం అశ్లీలమనే దాన్ని వెనకేసుకొచ్చినట్టు. రిపోర్టును తప్పంటే పౌరుల ఫిర్యాదు హక్కును తప్పన్నట్టు. వేయ్‌ఫెన్‌ను మందలిస్తే అతని బ్రాండ్లు కొనే చేతుల్నే నరుక్కున్నట్టు. అయినా దారి ఉంది, కాకపోతే అది మార్చి 1న కాదు, ఫిబ్రవరి 26 సాయంత్రం. అక్కడి స్టూడియోలకు పెద్ద అభిమాని ఖాతాలతో తెర వెనక మాటలు ఉండటం మామూలే. ఫిర్యాదు పాఠాలు పంచుతున్నది పలుకుబడి ఉన్న ఖాతాలే. వాటికి 'అతని పేరు మీద ఎవరి మీదా ఫిర్యాదు వద్దు' అన్న ఒక్క వాక్యం వెళ్లాలి. వెళ్లినా ఆగకపోతే అదే వాక్యం బయట పెట్టాలి. అందులో ఏ సైటు పేరూ, ఏ కథ పేరూ ఉండక్కర్లేదు. ప్రభుత్వంతో పేచీ లేదు, రచయితలతో లేదు. సంఖ్య పెరిగాక ఈ వాక్యానికి విలువ లేదు, ఎందుకంటే అప్పటికి ఫిర్యాదులు అధికారి బల్ల మీద ఉంటాయి.

ఇంకో కష్టమైన సంగతి. 'మగవాణ్ని ఆడదానిగా చూపడం అవమానం కాదు' అని అతని వైపు నుంచి ఒక్కరైనా అని ఉంటే కోపానికున్న ఇంధనం సగం పోయేది. 2020 చైనాలో ఒక మగ ఐడల్ స్టూడియో ఆ మాట అనగలదా అంటే, అనలేదు. అప్పటికి రెండేళ్లుగా ఆ తిట్టు ఎవరి నోట పలుకుతోందో పైన చూశాం.

తర్వాత

ఏప్రిల్ 25న అతని కొత్త పాట డిజిటల్‌గా వచ్చింది, ధర 3 యువాన్లు. అభిమానులు ఒక్కొక్కరు పదుల కొద్దీ, వందల కొద్దీ కొన్నారు. కోట్ల ప్రతులు పోయాయి. బహిష్కరణకు అదే వాళ్ల జవాబు. ఇంత అమ్మకం చూశాక బ్రాండ్లకు లెక్క అర్థమైంది: తిట్టేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు గట్టివాళ్లు. మేలో జియాంగ్సూ రాష్ట్రంలో ఒక ప్రాథమిక పాఠశాల టీచరు తరగతి పిల్లలతో అతనికి మద్దతుగా నినాదాలు చెప్పించి వీడియో తీయడంతో మళ్లీ మంట లేచింది. అప్పుడు షియావ్ జాన్ తానే ముందుకొచ్చి ఇలాంటి మద్దతు ప్రదర్శనలను తాను ప్రోత్సహించనని చెప్పాడు. ఫిబ్రవరిలో రావాల్సిన గొంతు.

2021లో రాజ్యం పూర్తిగా దిగింది. మే నెలలో ఐడల్ పోటీ ఓట్ల కోసం పాల సీసాల మూతల మీది కోడ్‌లు తీసుకుని పాలు కాలువలో పారబోసిన వీడియో బయటపడి, ఆ షో ఫైనల్ ఆగిపోయింది. జూన్‌లో 'చింగ్‌లాంగ్' పేరుతో ఫ్యాన్‌చ్యువాన్ ప్రక్షాళన మొదలైంది. ఆగస్టు 27న సైబర్‌స్పేస్ శాఖ పది చర్యలు ప్రకటించింది: తారల ర్యాంకింగుల రద్దు, మైనర్ల విరాళాల మీద నిషేధం, అభిమాన సంఘాల మీద పట్టు. సెప్టెంబరు 2న ప్రసార శాఖ నోటీసులో నియాంగ్‌పావ్ లాంటి 'వికృత సౌందర్య దృష్టి'ని పూర్తిగా తొలగించాలని వచ్చింది. ఫోరమ్‌లో మగ యాంటీలు విసిరే తిట్టు ప్రభుత్వ ఉత్తర్వులో, కొటేషన్ గుర్తుల మధ్య, అచ్చయింది. 'ది అన్‌టేమ్డ్' తరహా సీరియళ్ల వరుస కూడా అక్కడితో ఆగింది.

227 వారంలో రిపోర్టు కొట్టిన అమ్మాయిల కోరికా అక్షరాలా అదే: మగవాళ్ల మీద ఆడతనం కనబడకూడదు. తీరింది. దానితో పాటు వాళ్ల ర్యాంకింగు పట్టికలు కూడా పోయాయి.

ఆడ ఐడల్‌ల వైపు తిరిగి చూస్తే తక్కెడ వాలు ఇంకా బాగా కనిపిస్తుంది. 2020లో ఐచీయీ అమ్మాయిల పోటీలో పొట్టి జుట్టు, ప్యాంటు చొక్కాలతో వచ్చిన ల్యూ యూషిన్ మొదటి స్థానం గెలిచింది. అమ్మాయిలు ఆమెను 'మొగుడా' అని పిలిచి మురిసిపోయారు. ఆ పిలుపు మీద 227 లాంటి గొడవ లేవలేదు. అదే వలయంలో మగ ఐడల్‌ను 'పెళ్లామా' అంటే గ్రూపు నుంచి గెంటేస్తారు. నిబంధనల పేజీలో 'నీసు నిషేధం' వరుసకు ఎదురుగా 'మొగుడు అనడం నిషేధం' అన్న వరుస అంత తేలిగ్గా కనబడదు.